పాత పళ్ళ వెంట: కేప్ టౌన్ నుంచి సదర్లాండ్ దాకా

కేప్ టౌన్ వెళ్ళిన మన డర్బన్ వాళ్ళు చూసి వచ్చేవి సాధారణంగా మూడే. టేబుల్ మౌంటెన్, రాబెన్ ఐలాండ్, వాటర్‌ఫ్రంట్. పోయిన జులైలో బడి సెలవులకు నేను వెళ్ళినప్పుడు ఆ మూడింటికీ తీరిక దొరకలేదు. నేను వెళ్ళింది పాత సమాధుల కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పాత పళ్ళ కోసం.

మా ఊరి పక్క చెరకు తోటలో మన పెద్దలను పూడ్చిన జాగా ఒకటి ఉంది. అక్కడ ఇళ్ళు కట్టబోతున్నారు. ఎముకలను తీసి వేరే చోట మళ్ళీ పూడ్చేటప్పుడు, మధ్యలో పళ్ళను స్కాన్ చేసి ఆ బొమ్మలను దాచుకోవచ్చా అని మమ్మల్ని అడిగారు. జవాబు చెప్పే ముందు, ఇలాంటి ప్రశ్న ఇంతకు ముందే ఎదురైన ఊళ్ళను చూసి రావాలనిపించింది. గుడి తరగతుల్లో నేర్చుకున్న తెలుగు నాది. చూసింది చూసినట్టు రాస్తాను.

ప్రెస్ట్‌విచ్ వీధి

గ్రీన్ పాయింట్ అనే పేట కేప్ టౌన్ నడిబొడ్డును ఆనుకునే ఉంది. ఇప్పుడక్కడ ఆఫీసులు, హోటళ్ళు, ఖరీదైన ఫ్లాట్లు. డచ్చివారి కాలంలో అది ఊరి బయట. చర్చి ఆవరణలో చోటు దొరకని వాళ్ళను అటువైపు తీసుకుపోయి పూడ్చేవారు. బానిసలు, పేద నావికులు, ఖైదీలు, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్న ఖొయి ప్రజలు. 2003 మే నెలలో ప్రెస్ట్‌విచ్ వీధిలో ఒక భవనానికి పునాది తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. తవ్వకం ముగిసేసరికి లెక్క 2,500 మందిని దాటింది.

అక్కడే వాదన మొదలైంది. పరిశోధకులు ఒక మాట అన్నారు. కాగితాల్లో చోటు దొరకని మనుషుల బతుకు తెలుసుకోవాలంటే వాళ్ళ ఎముకలు, పళ్ళు తప్ప వేరే దారి లేదని. ఊళ్ళో చాలామంది ఇంకో మాట అన్నారు. బతికి ఉండగా వీళ్ళను ఎవరూ ఏదీ అడగలేదు, ఇప్పుడూ అడగకుండానే బల్ల మీద పరుస్తారా అని. ప్రెస్ట్‌విచ్ వీధి జోలికి రావద్దంటూ ఒక సంఘం కూడా పెట్టారు. సభలు జరిగాయి, అప్పీళ్ళు జరిగాయి. చివరికి ఎముకలను తీయడానికి అనుమతి వచ్చింది గానీ వాటి మీద పరిశోధనకు రాలేదు. 2008లో అవన్నీ ఒక స్మారక భవనానికి చేరాయి.

ఆ భవనానికి నేను పొద్దున్నే వెళ్ళాను. ముందు భాగంలో గోడల మీద చరిత్ర రాసి ఉంటుంది. అదే భవనంలో కాఫీ దుకాణం పెట్టడం మీద ఊళ్ళో చాలా మాటలే వచ్చాయి. వెనుక వైపు అస్థికల గది. అరలు, అరల నిండా పెట్టెలు. ఒక్కో పెట్టె ఒక మనిషి. పేర్లు తెలిసే వీలు లేదు.

తవ్వినప్పుడు కొందరి ముందు పళ్ళు అరగదీసి, మొనలు తేల్చి ఉండడం కనిపించింది. తూర్పు ఆఫ్రికాలో, మొజాంబిక్ వైపు అలాంటి ఆచారం ఉండేది. అంటే ఆ పళ్ళు తమ ఊరి గుర్తును కొంత చెప్పనే చెప్పాయి. మిగతాది పెట్టెల్లో ఉండిపోయింది. అది తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను. ఆ ఊరి వాళ్ళు వద్దన్నారు, వద్దనే హక్కు వాళ్ళకుంది. కానీ అక్కడ నిలబడితే రెండు మాటలూ నిజమే అనిపిస్తుంది. అదే కష్టం.

మనకంటే ముందు వచ్చినవాళ్ళు

అక్కడి నుంచి నడుచుకుంటూ స్లేవ్ లాడ్జ్‌కు వెళ్ళవచ్చు. డచ్చి కంపెనీ తన బానిసలను ఉంచడానికి 1679లో కట్టించిన ఇల్లు అది. ఇప్పుడు మ్యూజియం. దగ్గర్లోని చర్చి స్క్వేర్‌లో 11 నల్లరాతి దిమ్మెలు ఉన్నాయి. వాటి మీద బానిసల పేర్లు చెక్కారు.

బానిసలకు ఇంటిపేరు బదులు వచ్చిన చోటు పేరు తగిలించేవారు. బెంగాల్ నుంచి వచ్చినవాడు, మలబారు నుంచి వచ్చినది, కోరమాండల్ తీరం నుంచి వచ్చినది అని. కేప్‌కు ఓడల్లో తెచ్చిన బానిసల్లో దాదాపు నాలుగో వంతు మంది హిందూదేశపు తీరాల వాళ్ళేనని చరిత్రకారుల అంచనా. కోరమాండల్ తీరంలో డచ్చివారి స్థావరాలు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తు చేసుకోండి. పులికాట్, మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ పక్క జగన్నాథపురం. ఇందులో మనకు తెలియని ఊరు ఉందా?

మన పిల్లలకు మనం 1860 నవంబరు 16 అని చెబుతాం. మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరిన రోజు. నాటాల్‌లో మన కథకు అది మొదలే. కానీ అంతకు రెండు వందల ఏళ్ళ ముందు నుంచే కేప్‌కు ఆ తీరం మనుషులు వస్తున్నారు. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసే భాగ్యం కూడా లేకుండా. వాళ్ళలో తెలుగు మాట్లాడినవాళ్ళు ఉండి ఉండాలి. వాళ్ళ భాష మిగల్లేదు, ఇళ్ళు మిగల్లేదు. మట్టిలో పళ్ళు మిగిలి ఉండవచ్చు.

పన్ను ఏం దాచుకుంటుంది?

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఇక్కడ కాస్త పాఠం తప్పదు.

మన ఎముక బతికినంత కాలం మారుతూనే ఉంటుంది. పాతది కరిగి కొత్తది వస్తుంది. పంటి మీద తెల్లగా మెరిసే పింగాణి పొర అలా కాదు. ఒక్కసారి తయారైతే మళ్ళీ మారదు. శాశ్వత దంతాల్లో మొదటి దవడ పన్ను పైభాగం మనం పుట్టే సమయంలో మొదలై మూడేళ్ళ లోపు పూర్తవుతుంది. జ్ఞానదంతం పైభాగం పన్నెండు, పదహారేళ్ళ మధ్య పూర్తవుతుంది. అంటే ఒకే నోట్లో పసితనం ఒక పంటిలో, కుర్రతనం ఇంకో పంటిలో దాగి ఉంటాయి.

ఏం దాగుతుంది? మొదటిది తిండి. మొక్కలు గాలిలోని కార్బన్‌ను తీసుకునే పద్ధతులు రెండు ముఖ్యమైనవి. వరి, గోధుమ, పప్పు ధాన్యాలది ఒక పద్ధతి. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకుది ఇంకో పద్ధతి. ఆ తేడా తిన్నవాడి పంటిలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. రెండోది నేల. తాగిన నీళ్ళు, తిన్న గింజ ద్వారా ఆ ప్రాంతపు రాళ్ళలోని స్ట్రాన్షియం గుర్తు పంటికి అంటుతుంది. మూడోది ఆకలి. చిన్నతనంలో తీవ్రమైన జబ్బు చేసినా, తిండి లేకపోయినా పింగాణి కట్టడం కొంత కాలం తడబడుతుంది. పంటి మీద అడ్డంగా గీత పడుతుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. జిహ్వ పోయినా రుచి జాడ పంటిలో మిగులుతుంది.

కేప్ టౌన్ దగ్గర వెర్గెలెగెన్ అనే పాత డచ్చి గవర్నరు ఎస్టేటు ఉంది. అక్కడి బానిసల బస నేల కింద ఒక స్త్రీ సమాధి దొరికింది. చిన్నప్పుడు తయారైన పళ్ళను, పెద్దయ్యాక మారుతూ వచ్చిన ఎముకలను పోల్చి చూశారు. బాల్యంలో ఉష్ణదేశపు ధాన్యం తిన్నదని, పెద్దయ్యాక ఆ తిండి మారిపోయిందని తేలింది. అంటే ఎక్కడో వేడి దేశంలో పుట్టి పెరిగి, ఇక్కడికి తెచ్చాక ఇక్కడే పోయింది. ఆమె ఊరి పేరు పళ్ళు చెప్పలేవు. కానీ ఆమె ఇక్కడ పుట్టలేదని, ఆమెకొక వేరే బాల్యం ఉందని చెప్పాయి. కంపెనీ లెక్కల పుస్తకం ఆ మాట చెప్పదు.

ప్రయోగశాలలో ఒక పూట

ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఉపాధ్యాయులకు ఈ స్కానింగ్ ఎలా చేస్తారో ఒక పూట చూపించారు. సమాధిలో దొరికిన పన్ను ఒక్కటి కూడా మా ముందు పెట్టలేదు. పీకించుకున్నవాళ్ళు చదువు కోసం ఇచ్చిన పళ్ళతోనే చూపించారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మొదటిది మామూలు కెమెరా. పంటిని చిన్న తిరుగుడు పీట మీద నిలబెట్టి చుట్టూ పదుల కొద్దీ ఫొటోలు తీస్తారు. కంప్యూటరు వాటిని కలిపి మూడు వైపులా తిప్పి చూడగల బొమ్మ చేస్తుంది. రంగు, మరక చక్కగా వస్తాయి. మన అవ్వలు తాంబూలం నమిలిన ఎర్రటి మరక లాంటిది ఉంటే ఇందులోనే తెలుస్తుంది.

రెండోది కాంతితో చూసే స్కానర్. ఇప్పుడు దంతవైద్యుల దగ్గర కలం లాంటి పరికరం ఉంటుంది కదా, నోట్లో పెట్టి తిప్పితే తెర మీద పళ్ళ వరుస వచ్చేస్తుంది. అదే పని. నిమిషాల్లో అయిపోతుంది. కష్టం ఎక్కడంటే, పింగాణి మెరుస్తుంది, కొంత కాంతిని లోపలికి పోనిస్తుంది. అందుకని గీతలు సరిగ్గా పడవు. కొత్త వస్తువైతే తెల్లటి పొడి చల్లి మెరుపు తగ్గిస్తారు. పాత పంటి మీద అలా చల్లడానికి వెనకాడతారు. పొడి సందుల్లో దూరితే మళ్ళీ రాదు. పాత పంటి గార మీద పడితే ఇంకా నష్టం. గారలో తిన్న గింజల పిండి రేణువులు, నోటిలోని సూక్ష్మజీవుల జాడలు ఉంటాయి.

మూడోది మైక్రో సీటీ. ఆస్పత్రి సీటీ స్కాన్‌కు చిన్న తమ్ముడు, కానీ చూపు చాలా పదును. పంటిని మెత్తటి స్పాంజిలో కదలకుండా నిలబెట్టి ఎక్స్‌రే ముందు మెల్లగా తిప్పుతారు. వందలు, వేల చిత్రాలు వస్తాయి. వాటి నుంచి తల వెంట్రుక మందం కంటే సన్నటి పొరలుగా పంటి లోపలంతా తెర మీద తెరుచుకుంటుంది. పన్నును కొయ్యకుండానే పింగాణి మందం, దాని కింది డెంటిన్, లోపలి గుజ్జు గది, వేళ్ళు అన్నీ కనిపిస్తాయి. వయసు పెరిగే కొద్దీ గుజ్జు గది సన్నబడుతుంది. అందుకని మనిషి వయసు అంచనాకూ ఇది పనికొస్తుంది. ఇందులో రంగు రాదు, అంతా బూడిద రంగే. ఎక్స్‌రే మరీ ఎక్కువైతే పంటిలో మిగిలిన డీఎన్‌ఏకు హాని కలగవచ్చు కనుక మోతాదు తగ్గించి వాడతారు.

ఎందుకింత శ్రమ అని ఒకరు అడిగారు. అక్కడి అమ్మాయి చెప్పిన కారణాలు నాకు సబబుగా తోచాయి. మట్టిలోంచి తీసి ఆరిన పన్ను కాలం గడిచే కొద్దీ పగుళ్ళు ఇస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. తిండి, నేల గుర్తుల కోసం గానీ డీఎన్‌ఏ కోసం గానీ పరీక్ష చేయాలంటే కొంత పన్ను తొలిచి పొడి చేయాలి. తొలవక ముందు స్కాన్ ఉంటే రూపమైనా దక్కుతుంది. అన్నిటికంటే పెద్ద కారణం, మళ్ళీ పూడ్చవలసిన వాళ్ళను ఆలస్యం చేయకుండా పూడ్చవచ్చు. పరిశోధన ముగియలేదు అనే సాకుతో ఎవరి అవ్వనూ పెట్టెలో ఉంచనక్కర్లేదు.

అయితే ఫైలు కూడా ఊరికే నిలవదు. మన పెద్దల తాటాకు పుస్తకాలు వందల ఏళ్ళు నిలిచాయి. కంప్యూటరు ఫైలు పదేళ్ళకే తెరుచుకోకపోవచ్చు. కాపీలు రెండు మూడు చోట్ల ఉంచాలి. కాలం మారినప్పుడల్లా కొత్త రూపంలోకి మార్చాలి. ఏ పన్ను, ఏ వైపుది, ఏ యంత్రంతో తీశారు, ఎవరు అనుమతించారు అన్నది పక్కనే రాసి ఉండాలి. ఆ రాత లేకపోతే అది అనాథ పన్నే.

కాపీ అయితే పరవాలేదా?

కాపీయే కదా, అసలును ముట్టుకోవడం లేదు కదా అని కొందరు అంటారు. దానికి జవాబు కూడా కేప్ టౌన్‌లోనే ఉంది. కంపెనీస్ గార్డెన్ చివర ఉన్న ఇజికో మ్యూజియంలో ఒకప్పుడు బుష్‌మెన్ అనే పేరుతో బొమ్మల ప్రదర్శన ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జేమ్స్ డ్రూరీ అనే ఉద్యోగి, బతికున్న సాన్, ఖొయి మనుషుల ఒంటి మీదే ప్లాస్టరు పోసి అచ్చులు తీశాడు. ఆ అచ్చులతో చేసిన బొమ్మలను జంతువులు, శిలాజాలు ఉన్న మ్యూజియంలోనే నిలబెట్టారు. బడిపిల్లలు తరతరాలుగా వరుసలో నిలబడి చూశారు. 2001లో ఆ ప్రదర్శనను మూసేశారు.

ఆ బొమ్మల్లో ఒక్క ఎముక లేదు, ఒక్క పన్ను లేదు. అంతా కాపీయే. అయినా అవమానం అసలైనదే. స్కాన్ కూడా అచ్చు లాంటిదే. ఎవరి చేతిలో ఉంది, ఎవరు చూస్తారు, ఏ పేరు పెట్టి చూపిస్తారు అన్నదాన్ని బట్టే అది గౌరవమా కాదా అని తేలుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి. జొహానెస్‌బర్గ్ దగ్గరి రైజింగ్ స్టార్ గుహలో 2013లో దొరికిన హోమో నలేడి శిలాజాల స్కాన్‌లను, 2015లో ఆ సంగతి ప్రకటించినప్పుడే అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎవరైనా దింపుకుని త్రీడీ ప్రింటరులో అచ్చు తీసుకోవచ్చు. నా తరగతి పిల్లలకు అలాంటివి చూపించడం నాకు ఇష్టమే. కానీ ఆ శిలాజాలు రెండు లక్షల ఏళ్ళకు పైబడినవి. వాళ్ళ మనవలం మేమని ఎవరూ రారు. మా తోటలో ఉన్నవాళ్ళ మనవలం మేమే.

సదర్లాండ్

నాలుగో రోజు మా చిన్నాన్న కొడుకు కారు తీశాడు. కేప్ టౌన్ నుంచి సదర్లాండ్ దాదాపు 350 కిలోమీటర్లు. ఎన్ 1 రోడ్డు మీద కొండ కింది సొరంగం దాటి, వూస్టర్ దాటి, హెక్స్ లోయలో ఆకులు రాలిన ద్రాక్ష తోటల మధ్య పోయి, మాట్జిస్‌ఫాంటైన్ దగ్గర ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా మధ్యలో ఊరనేది లేదు.

"అక్కా, ఇక్కడ టీ కూడా దొరకదు. ఫ్లాస్కు తెచ్చావా?" అన్నాడు తమ్ముడు.

తెచ్చాను. పులిహోర కూడా తెచ్చాను. కరూ నేల అంతా రాయి, పొట్టి పొదలు, అక్కడక్కడ గొర్రెలు. వెర్లాటెన్‌క్లూఫ్ కనుమ ఎక్కాక చలి ఒక్కసారిగా కరుస్తుంది. రోడ్డు పక్క నీడల్లో మంచు గడ్డ కట్టి ఉంది. డర్బన్ ఒళ్ళు నాది, రెండు శాలువాలు కప్పుకున్నా వణుకు ఆగలేదు. సదర్లాండ్‌కు జనం వచ్చేది నక్షత్రాలు చూడడానికి, అక్కడి పెద్ద టెలిస్కోపు కోసం. మేం వచ్చింది తొమ్మిది మంది కోసం.

1920లలో ఒక వైద్య విద్యార్థి తన కుటుంబపు క్రైస్‌రివియర్ పొలంలోని సమాధుల నుంచి ఎముకలు తీసి కేప్ టౌన్ విశ్వవిద్యాలయానికి చేర్చాడు. ఆ పొలంలో పనిచేసిన సాన్, ఖొయి మనుషులు వాళ్ళు. పిల్లలూ ఉన్నారు. కొందరి పేర్లు కూడా రాసి పెట్టి ఉన్నాయి. కార్నేలియస్ అబ్రహామ్, క్లాస్ స్టూర్మాన్. పేరు తెలిసీ అరలో పెట్టారు. 2017లో విశ్వవిద్యాలయం తన సేకరణను తనిఖీ చేసినప్పుడు, 11 మంది అస్థికలు అన్యాయంగా వచ్చాయని తేలింది. అందులో తొమ్మిది మంది ఈ ఊరి వాళ్ళు. వారసులను వెతికి, జరిగినది చెప్పి, ఏం చేద్దామని అడిగారు.

ప్రెస్ట్‌విచ్‌లో ఊరు వద్దంది. సదర్లాండ్‌లో కుటుంబాలు పరిశీలించమన్నాయి. మళ్ళీ పూడ్చేలోపు మావాళ్ళ గురించి తెలిసినంత తెలుసుకుని చెప్పండి అన్నాయి. ఎముకలు, పళ్ళు పరిశీలించారు, స్కాన్‌లు తీశారు. పుర్రెల స్కాన్‌ల ఆధారంగా లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ముఖాలను తిరిగి రూపొందించారు. ఏం తిన్నారు, ఎంత చాకిరీ చేశారు అన్నది కుటుంబాలకు చెప్పారు. 2023 నవంబరులో తొమ్మిది మందినీ సదర్లాండ్‌లో మళ్ళీ పూడ్చారు. దాదాపు నూరేళ్ళ తర్వాత.

మేం ఊరికి చేరేసరికి ఎండ వాలుతోంది. ఆ తొమ్మిది మందికీ నిలబడి నమస్కారం పెట్టుకున్నాం. ఫొటోలు తీసుకోలేదు. తిరిగి కారెక్కాక తమ్ముడు అడిగాడు, "రెండు ఊళ్ళలో ఏ ఊరు చేసింది సరైనది అక్కా?"

రెండూ సరైనవే అన్నాను. తేడా యంత్రంలో లేదు. ఒక చోట ముందు తవ్వి తర్వాత అడిగారు. ఇంకో చోట ముందు అడిగి తర్వాత బల్ల మీద పెట్టారు.

మన తోట సంగతి

ఇప్పుడు మా చెరకు తోటకు వస్తాను. తోట కాలంలో దహనం అందరికీ కుదిరేది కాదు. కట్టె దొరకాలి, దొర సెలవు ఇవ్వాలి. పైగా మన వాళ్ళలో పూడ్చే ఆచారం ఉన్న కులాలు ఎన్నో. పసిపిల్లలను ఎలాగూ పూడ్చేవారే. అందుకే తోటల అంచున, చింతచెట్టు కిందో మామిడి కిందో, మన పెద్దలు మట్టిలో ఉన్నారు. 1999 నాటి జాతీయ వారసత్వ చట్టం ప్రకారం, మునిసిపల్ స్మశానం బయట ఉన్న అరవై ఏళ్ళు దాటిన సమాధులను అనుమతి లేకుండా కదిలించరాదు. సంబంధీకులను వెతికి మాట్లాడాలి. అందుకే మమ్మల్ని పిలిచారు.

ఆ సమావేశంలో మా వరుసకు పెద్దనాన్న ఒకాయన లేచి అన్నాడు. "అమ్మాయీ, బతికున్నప్పుడు వాళ్ళకు నంబరు వేశారు. చచ్చాక కూడా నంబరేనా?"

ఆ మాటకు అందరూ నిశ్శబ్దమయ్యారు. 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు వచ్చిన 1,52,184 మందిలో ప్రతి ఒక్కరికీ నంబరు ఉంది. ఓడ జాబితాలో మా ముత్తవ్వకు కూడా ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తు. పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే వివరాలు అవి. ఆమె ఏం తిని పెరిగిందో, ఎన్నాళ్ళు పస్తున్నదో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

మా అవ్వ గంజి పారబోయనిచ్చేది కాదు. ఎవరైనా పారబోస్తే "ధాత కరువు చూసినవాళ్ళ ఇంట్లో పుట్టి ఇదేం పని" అనేది. ధాత కరువు అంటే 1876, 1878 మధ్య మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువు. ఆ ఏళ్ళలో పసిపిల్లలుగా ఉండి తర్వాత ఓడ ఎక్కినవాళ్ళ పళ్ళ మీద ఆ ఆకలి గీత ఉండవచ్చు. పంటి బిగువున బతికారు అంటాం. ఆ బిగువు ఎంతో చెప్పగల సాక్షి ఆ పన్ను ఒక్కటే. నాకు ఆ గీత చూడాలని ఉంది. పెద్దనాన్నకు చూడాలని లేదు. ఇద్దరిదీ ఒకే రక్తం.

అందుకని నేను రాసి ఇచ్చిన షరతులు ఇవి. మొదటిది, ఏ కుటుంబమైనా వద్దంటే వాళ్ళ సమాధిని స్కాన్ చేయకూడదు, కారణం అడగకూడదు. రెండోది, స్కాన్ కోసం పూడ్చడం ఆలస్యం కాకూడదు, తేదీ ముందే రాసి ఇవ్వాలి. మూడోది, స్కాన్‌కు ఒప్పుకున్నంత మాత్రాన తొలవడానికి ఒప్పుకున్నట్టు కాదు, దానికి వేరే అనుమతి కావాలి. నాలుగోది, స్కాన్‌ల కాపీ మన సభ దగ్గర కూడా ఉండాలి. అడగకుండా ఎవరూ దింపుకునే చోట పెట్టకూడదు, అమ్మకూడదు, బొమ్మలు అచ్చు వేయకూడదు. ఐదోది, ఏది తెలిసినా ముందు మన సమావేశంలో మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆరోది, పేరు తెలిసిన చోట పేరే వాడాలి.

పెద్దనాన్న చివరి షరతు రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా మొదటి షరతు ఆయన కోసమే.

చిన్నప్పుడు నా పాలపన్ను ఊడితే అవ్వ దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరేది. పన్నును ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదని, దానికో చోటు ఉండాలని ఆమె నమ్మకం. స్కాన్ చేసినా చేయకపోయినా మనం చూడవలసింది కూడా అదే. పంటికి చోటు, మనిషికి పేరు.

ఉత్తర తీరపు తోటల్లో మీ వాళ్ళను ఎక్కడ పూడ్చారో తెలిసిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. తొంభై దాటినవాళ్ళు. ఈ ఆదివారమే వెళ్ళి అడగండి. ఎవరిని, ఏ చెట్టు కింద, ఏ ఏడు అన్నది కాగితం మీద రాసి సభ కార్యదర్శికి ఇవ్వండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ షరతులు చర్చకు వస్తాయి. తెలిసిన పేర్లన్నీ ముందు రావాలి. స్కానరు ఆ తర్వాత.